మూడు నెలలకో స్కూల్ బ్యాగ్ జిప్ పోతోంది. కొనేముందే గట్టిదో కాదో తెలుసుకునే దారి ఉందా?

బడిసంచి_బాధితుడు
మావాడు ఆరో తరగతి. జూన్‌లో 1,100 పెట్టి బ్యాగ్ కొన్నాను. ఆగస్టు చివరికల్లా పెద్ద అర జిప్ పోయింది. పోవడమంటే ఊడిపోవడం కాదు. రన్నర్ అటూ ఇటూ హాయిగానే జరుగుతుంది, అది దాటగానే వెనక పళ్ళు నోరు తెరుస్తాయి. షాపుకి పట్టుకెళ్తే "బ్యాగుకి గ్యారంటీ సార్, జిప్‌కి కాదు" అన్నాడు. బ్యాగులో జిప్ కాక ఇంకేం పోతుందని ఆ గ్యారంటీ? పోయినేడాది కూడా ఇదే కథ. గుడ్డ కొత్తదానిలా ఉంది, పట్టీలు బాగున్నాయి, పారేయడానికి మనసొప్పడం లేదు.

రెండు సందేహాలు. కొనేటప్పుడే జిప్ ఎన్నాళ్ళు వస్తుందో తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా? అసలు జిప్ గొడవే లేకుండా బకిల్, టిచ్ బటన్, వెల్క్రో ఉన్న బ్యాగులు ఎవరైనా వాడుతున్నారా?

పెట్టె_తరం
మా రోజుల్లో అల్యూమినియం పెట్టె, దానికో కొక్కెం. పదో తరగతి దాకా అదే. తర్వాత మా చెల్లెలు వాడింది. ఇప్పుడు మా ఇంట్లో మేకులు, స్క్రూలు దాచుకుంటున్నాం.

ఉప్పుగాలి
@పెట్టె_తరం ఆ పెట్టె మూలతో ఎన్ని మోకాళ్ళు గీరుకున్నాయో కూడా చెప్పండి.

కత్తెర_కాంతం
ఇరవై రెండేళ్ళుగా మిషన్ కుడుతున్నాను, బ్యాగులకి కూడా జిప్‌లు వేస్తాను. మీరు చెప్పిన లక్షణం బట్టి జిప్ పోలేదు, రన్నర్ పోయింది. పదిలో ఎనిమిది బ్యాగులది ఇదే జబ్బు. రన్నర్ పక్కగోడలు అరిగి, కాస్త విచ్చుకుంటాయి. వెంట్రుకవాసి చాలు, పళ్ళను గట్టిగా నొక్కలేదు, అవి కలిసినట్టే కలిసి విడిపోతాయి.

ముందు కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ వెనక భాగాన్ని, అంటే జిప్ మూసుకుని బయటికొచ్చే వైపు, ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి మెల్లగా నొక్కండి. ఒకేసారి బలమంతా పెట్టారా, పటుక్కున విరుగుతుంది. జింక్ పోత అది, ఇనుము కాదు.

బడిసంచి_బాధితుడు
విరిగింది అక్కా. మీ పోస్టులో చివరి లైను నొక్కాక చదివాను.

కత్తెర_కాంతం
😀 అయితే కొత్త రన్నర్ వేయించండి. విరిగిన ముక్క పారేయకండి, వెనక చూడండి, 5 అనో 8 అనో అంకె ఉంటుంది. అదే సైజు అడగాలి. జిప్ మూసినప్పుడు పళ్ళ వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లు అనుకోండి. లంగా జాకెట్లకి, ప్యాంట్లకి 3, 4. స్కూల్ బ్యాగుకి 5. పెద్ద సూట్‌కేసుకి 8, 10. ఇంకో మాట, నైలాన్ జిప్ రన్నర్ ప్లాస్టిక్ పళ్ళ జిప్‌కి పట్టదు, ఇత్తడి జిప్‌ది మరొకటి. అంకె ఒకటే అయినా లోపలి గాడి ఆకారం వేరు.

మోటారు_మావయ్య
ఈ గొడవ మా ఇంట్లో రెండేళ్ళ క్రితమే అయింది. నాది వైండింగ్ షాపు కాబట్టి మాటలతో ఊరుకోలేదు, మిషన్ కట్టాను. నవ్వకుండా చదవండి.

తుక్కులో దొరికిన కారు వైపర్ మోటార్‌కి చిన్న క్రాంకు బిగించి, దానికి రన్నర్ పుల్లర్ని, అంటే చేత్తో పట్టుకుని లాగే నాలికని, తీగతో కట్టాను. మోటార్ ఒక చుట్టు తిరిగితే రన్నర్ ఒకసారి పోయి వస్తుంది. జిప్ రెండు పక్కల గుడ్డకి కిలో చొప్పున ఇసుక సంచులు వేలాడదీశాను. బ్యాగు నిండా పుస్తకాలుంటే జిప్‌ని పక్కలకి లాగుతుంది కదా, అందుకు. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కకి పాత క్యాలిక్యులేటర్ విప్పి = బటన్‌కి రెండు వైర్లు అతికించాను. 1 + 1 కొట్టి వదిలేస్తే ఆ వైర్లు తగిలినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది.

నాలుగు జిప్‌లు పెట్టాను. మీటర్ లెక్కన అమ్మే లోకల్ నైలాన్ 5 నంబర్, పేరున్న కంపెనీ నైలాన్ 5 నంబర్, ప్లాస్టిక్ పళ్ళది, పాత జీన్స్‌లోంచి కోసిన ఇత్తడిది.

లోకల్ది 700 దాటాక నోరు తెరిచింది. రన్నర్ నొక్కితే ఇంకో 400 లాగింది. ఆ తర్వాత అదే పళ్ళకి మంచి రన్నర్ వేశాను. 3,000 దాటింది, పళ్ళకి ఏమీ కాలేదు! కాంతం గారు చెప్పింది అక్షరాలా నిజం. కంపెనీది 5,000 దగ్గర నేనే విసుగొచ్చి ఆపేశాను. ఇత్తడిది బాగానే నడిచింది కానీ కింద నల్లటి పొడి రాలింది. ప్లాస్టిక్‌ది 1,900 దగ్గర ఒక పన్ను ఊడింది, అంతే, అక్కడితో సరి.

తర్వాత రోడ్డు మీది దుమ్ము జల్లెడ పట్టి కంపెనీ జిప్ మీద చల్లాను. 1,200కే రన్నర్ లూజైపోయింది. ఇంట్లోవాళ్ళ మాట అడక్కండి, మిషన్ హాల్లో ఉంది అప్పుడు.

లెక్కల_లచ్చన్న
మావయ్యా, దండం. కానీ ఒక్కో రకానికి ఒక్క జిప్ పెట్టి తీర్పు చెప్తే ఎట్ల? ఆ ప్లాస్టిక్‌ది ఒక్కటే చెడ్డ పీసు కావచ్చు. కనీసం ఐదేసి పెట్టాలె.

మోటారు_మావయ్య
@లెక్కల_లచ్చన్న నువ్వు జిప్‌లు కొనివ్వు, నేను తిప్పుతా.

లెక్కల_లచ్చన్న
సరే, లెక్క మాత్రం చెప్తా. పిల్లగాడు రోజుకు పెద్ద అర పది సార్లు తెరిచి మూస్తడనుకో. బడి 220 రోజులు. ఏడాదికి 2,200. మావయ్య కంపెనీ జిప్ లెక్కన రెండేండ్లు రావాలె, లోకల్ది 70 రోజులు. అంటే బాధితుడు సారుది లోకల్ జిప్ అన్నట్టే. మూడు నెలలు కరెక్టుగ సరిపోయింది.

క్వాలిటీ_చెక్
అచ్యుతాపురం వైపు ఒక గార్మెంట్ యూనిట్‌లో క్వాలిటీలో పనిచేస్తాను. మావయ్య గారి మిషన్ చూసి నిజంగా ముచ్చటేసింది. ల్యాబుల్లో చేసేది కూడా మూలంలో అదే. రన్నర్ని అటూ ఇటూ లాగే పరీక్షలో జిప్‌కి పొడుగునా, అడ్డంగా బరువు పెట్టి, నిర్ణయించిన సంఖ్య పూర్తయ్యేదాకా నడిపి, పళ్ళు విడిపోయాయా, టేపు (పళ్ళు బిగించి ఉండే గుడ్డ పట్టీ) చిరిగిందా, రన్నర్ వదులైందా అని చూస్తారు. జిప్ పరీక్షలకి అమెరికా వాళ్ళ ఏఎస్‌టీఎం డీ2061, బ్రిటన్ బీఎస్ 3084, జపాన్ జేఐఎస్ ఎస్ 3015 ఇలా ప్రమాణాలున్నాయి.

కానీ అదొక్కటే కాదు. మూసిన జిప్‌ని రెండు పక్కలకీ లాగి ఎంత బలానికి చీలుతుందో చూస్తారు. పైన కింద ఉండే స్టాపర్లని రన్నర్‌తో గుద్ది చూస్తారు. పుల్లర్ని లాగి, మెలిపెట్టి ఊడుతుందేమో చూస్తారు. ప్యాంటు జిప్‌కైతే లాకు పరీక్ష ముఖ్యం, రన్నర్ కింద చిన్న పిన్ను పళ్ళలో దిగి ఆపుతుంది కదా, అది ఎంత లాగుడుకి జారుతుందో. జాకెట్‌కైతే కింది పిన్ను, అది దూరే డబ్బా. మాకు ఎక్కువ వాపసులు వచ్చేది ఆ పిన్ను దగ్గర టేపు పీచులు లేచిపోయి.

మావయ్య గారి పరీక్షలో ఒక లోటుంది. ఆయన మోటార్ తిన్నగా లాగుతుంది. పిల్లలు అలా లాగరు. బ్యాగ్ మూల దగ్గర వంపు ఉంటుంది చూశారా, అక్కడ పుల్లర్ని పక్కకి, పైకి గుంజుతారు. రన్నర్ ఒక గోడే అరుగుతుంది. మీ పాత బ్యాగులు తీసి చూడండి, జిప్ ముందుగా విచ్చుకునేది ఆ మూల మలుపులోనే.

బడిసంచి_బాధితుడు
ఇప్పుడే చూశాను. మలుపులోనే! రెండు బ్యాగులకీ కుడివైపు మలుపు.

గోంగూర_సైనికుడు
లోపలి సరుకు సంగతి ఎవరూ మాట్లాడరే. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదు. మా పాప బరువు 28 కిలోలు, బ్యాగు తూకం వేస్తే 6.4. జిప్ ఏం చేస్తుంది పాపం, మోకాలితో అదిమి మూస్తున్నాం.

డల్లాస్_డబ్బా
మోకాలితో అదమడం అంటే గుర్తొచ్చింది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసు మీద మా అత్తగారు కూర్చుంటే, నేను జిప్ లాగడం, మా ఆయన మూలలు లోపలికి తోయడం. ఆవకాయ, కారప్పొడి, అప్పడాలు, కుక్కర్ గాస్కెట్లు. ఇంటి దగ్గర మూసుకుంది. ఇక్కడ బెల్టు మీద వచ్చేసరికి నడుం దగ్గర పగిలి, మధ్యలోంచి నా నీలం పట్టుచీర కొంగు వేలాడుతూ మూడు చుట్లు తిరిగింది. నాది కాదన్నట్టు నిలబడ్డాను.

అప్పుడు తెలిసిన ఇంకో విషయం. నైలాన్ జిప్ సూట్‌కేసుకి తాళం వేసినా దండగ. బాల్ పెన్ను మొనతో పళ్ళ మధ్య పొడిస్తే చీలుతుంది, కావాల్సింది తీసుకుని, తాళంతో ఉన్న రన్నర్లనే అటూ ఇటూ జరిపితే మళ్ళీ మామూలుగా మూసుకుపోతుంది. మా తమ్ముడు ఇంట్లో చేసి చూపించాడు, పది సెకన్లు కూడా పట్టలేదు. అప్పట్నుంచీ జిప్ లేని, క్లిప్పులు బిగించే గట్టి పెట్టెలే కొంటున్నాం. బరువెక్కువే, ఆ మేరకు ఆవకాయ తగ్గింది.

పెట్టె_తరం
అల్యూమినియం పెట్టె అన్నప్పుడు నవ్వారు. ఇప్పుడు చూడండి.

కత్తెర_కాంతం
@డల్లాస్_డబ్బా చీలి మళ్ళీ మూసుకోవడం నైలాన్ జిప్‌కి లోపం, గుణం రెండూ. నైలాన్ జిప్‌లో పళ్ళు విడివిడిగా ఉండవు, స్ప్రింగులా చుట్టిన ఒకే తీగ. నైలాన్ అంటాం గానీ ఇప్పుడొచ్చేది ఎక్కువగా పాలిస్టరే. చీలితే వెనక్కి లాగి మళ్ళీ ముందుకి తోస్తే అతుక్కుంటుంది. ప్లాస్టిక్ పళ్ళదాంట్లో ఒక్కొక్క పన్నూ టేపుకి విడిగా పోసి ఉంటుంది. ఒకటి ఊడితే మావయ్య గారి జిప్ గతే. అందుకే వంపులున్న బ్యాగుకి నైలాన్, తిన్నగా ఉండే స్వెట్టర్, జాకెట్‌కి ప్లాస్టిక్.

ఉప్పుగాలి
విశాఖలో బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్ళకి ఇత్తడి జిప్ గురించి నేను చెప్తా. రెండు వానాకాలాలు బీరువాలో ఉంచితే ఆకుపచ్చ పొర కట్టి బిగుసుకుపోతుంది. అల్యూమినియంది తెల్లగా బూడిద పూస్తుంది. నా బైక్ రెయిన్ కోటు రన్నర్ ఒకసారి మెడ దగ్గర పట్టేసింది. పెట్రోల్ బంకులో ఉన్నాను, పర్సు లోపల, ఫోన్ కూడా లోపలే. ట్యాంకు నిండింది, డబ్బు తీయలేను. చివరికి బంకు కుర్రాడు కత్తెర తెచ్చాడు.

గోంగూర_సైనికుడు
కొబ్బరి నూనె రాయాల్సింది.

క్వాలిటీ_చెక్
వద్దు! నూనె రాస్తే ఆ రోజు జారుతుంది, మర్నాటి నుంచి దుమ్ము మొత్తం దానికే అంటుకుంటుంది. నూనె, దుమ్ము కలిస్తే సానపట్టే పేస్టు తయారైనట్టే, రన్నర్ లోపల అరగదీస్తుంది. నైలాన్‌కి కొవ్వొత్తి రుద్దండి, ఇత్తడికి పెన్సిల్ ముక్కు రుద్దినా చాలు. అంతకంటే ముందు పాత టూత్ బ్రష్‌తో పళ్ళు తోమండి.

గోంగూర_సైనికుడు
నా పళ్ళకే బద్ధకం, బ్యాగు పళ్ళకి కూడానా.

చరిత్ర_చాదస్తం
దుమ్ము అంటే ఒక మాట. చందమామ మీదకెళ్ళిన అపోలో వ్యోమగాముల సూట్లలో కూడా జిప్‌లున్నాయి, గాలి పోకుండా రబ్బరు మూత ఉన్నవి. అక్కడి ధూళి గాజుపొడిలా పదునుగా ఉంటుంది. గాలీ నీరూ లేవు కదా, మొనలు అరగవు. జిప్‌లలో, చేతి తొడుగుల లాకుల్లో అది ఇరుక్కుని బిగుసుకుపోయేవట. వాళ్ళకే తప్పలేదు, మీ కాలనీ దుమ్ముకి బ్యాగు జిప్ పోవడం వింతా?

జిప్ పుట్టుకే నమ్మకం లేకుండా మొదలైంది. 1893లో అమెరికాలో జడ్సన్ అనే ఆయన బూట్ల కోసం కొక్కేల వరస ఒకటి చేసి, అదే ఏడు షికాగో ప్రదర్శనలో పెట్టాడు. దానంతటదే ఊడిపోయేది. జడ్సన్ కంపెనీలోనే చేరిన స్వీడన్ ఇంజినీర్ గిడియన్ సండ్‌బాక్ 1913లో కొక్కేలు తీసేసి, ఒకేలాంటి పళ్ళు, కింద గుంట పైన బొడిపె ఉండేట్టు, దగ్గరదగ్గరగా పెట్టాడు. ఇప్పటి మన జిప్ అదే. "జిప్పర్" అనే పేరు 1923లో గుడ్రిచ్ కంపెనీ తన రబ్బరు బూట్లకి పెట్టుకున్నది. అంటే ఇరవై ఏళ్ళు పట్టింది అది ఊడకుండా ఉండడానికి. మీరు మూడు నెలలకే కోప్పడుతున్నారు.

బడిసంచి_బాధితుడు
వందేళ్ళ తర్వాత కూడా ఊడుతోందనే కోపం. సరే, వెల్క్రో సంగతి?

లెక్కల_లచ్చన్న
మా బిడ్డకు వెల్క్రో బ్యాగ్ కొన్న. క్లాసుల తెరిచినప్పుడల్లా పర్ర్ అని చప్పుడు. వారం తిరిగేసరికి టీచరమ్మ ఫోన్.

చరిత్ర_చాదస్తం
వెల్క్రో మనకి కొత్తదేం కాదు. పొలం గట్టున నడిస్తే పంచె అంచుకి ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయే, అదే సూత్రం. స్విట్జర్లాండ్‌లో జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకి పట్టుకున్న అలాంటి కాయల్ని సూక్ష్మదర్శినిలో చూస్తే కొసన కొక్కేలు కనబడ్డాయి. ఒక పట్టీకి కొక్కేలు, ఇంకో పట్టీకి ఉచ్చులు. మన ముత్తాతలు పంచె దులుపుకుని పోయారు, ఆయన పేటెంట్ తీసుకున్నాడు.

క్వాలిటీ_చెక్
వెల్క్రోని కూడా వేలసార్లు ఊడదీసి అతికించి పట్టు ఎంత తగ్గిందో కొలుస్తారు. కొత్తలో గట్టిగానే పట్టుకుంటుంది. కానీ కొక్కేల వైపు వెంట్రుకలు, దారప్పోగులు చిక్కుకుంటాయి, ఉచ్చుల వైపు పీచు లేచిపోతుంది. ముందు చచ్చేది ఎప్పుడూ మెత్తటి వైపే. అమెరికా సైన్యం యూనిఫాం ప్యాంటు జేబులకి వెల్క్రో పెట్టి, అఫ్గానిస్తాన్ దుమ్ముకి పట్టు పోతోందని మళ్ళీ బటన్లకే వచ్చింది.

కత్తెర_కాంతం
టిచ్ బటన్ గురించి నేను చెప్తా. చప్పుడు లేదు, దుమ్ము పట్టదు, బటన్ కూడా తొందరగా పోదు. పోయేది గుడ్డ. లాగిన ప్రతిసారీ బలమంతా పావలా బిళ్ళంత చోట పడుతుంది, అక్కడ గుడ్డ చిరిగి బటన్ చేతికొస్తుంది. లోపల ఇంకో గుడ్డముక్క వేసి కొడితే బతుకుతుంది. జిప్‌లో ఆ బలం పళ్ళన్నిటికీ పంచుకుంటుంది కాబట్టి టేపు చిరగదు. జాకెట్టు హుక్కులు కూడా అంతే. హుక్కు ఎప్పుడూ అరగదు, దారం తెగుతుంది. ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి, పిన్నీసు లేని జాకెట్టు ఉంటుందా?

డల్లాస్_డబ్బా
ఫ్రాకులకి ఇన్విజిబుల్ జిప్ వేయిస్తే నడుం కుట్టు దగ్గర రన్నర్ ఆగిపోతుంది అక్కా. ఎందుకు?

కత్తెర_కాంతం
నడుం కుట్టు దగ్గర గుడ్డ నాలుగు మడతలవుతుంది, ఆ దిండు మీదుగా రన్నర్ ఎక్కలేదు. అక్కడ అంచులు కత్తిరించి పలచన చేయాలి. పైగా జిప్ కనబడకూడదని పళ్ళకి మరీ ఆనించి కుడతారు కొందరు. రన్నర్ తోవలోనే గోడ కట్టినట్టు. అక్కడ గుంజి గుంజి రన్నర్ విచ్చుకుంటుంది, నింద జిప్ మీదకి.

వేపచెట్టు_నీడ
చాలాకాలంగా చదవడమే తప్ప రాయను. మా మామగారికి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పనిచేయడం లేదు. జిప్, చొక్కా గుండీ రెండూ ఒంటిచేత్తో కావు. జాకెట్ కింది పిన్నుని డబ్బాలో పెట్టడానికి రెండో చెయ్యి కావాలి కదా, ఎవరో ఒకరు పెట్టాలి. ఆయనకి అదే అవమానంగా ఉండేది. చొక్కాలకి గుండీలు పైన అలానే ఉంచి, కాజాలు మూసేసి లోపల వెల్క్రో ముక్కలు కుట్టించాం. ప్యాంటు జిప్ పుల్లర్‌కి తాళంచెవుల రింగు వేశాం, వేలు దూర్చి లాగుతారు. బడి బ్యాగు కథలో ఇది అక్కర్లేదేమో, కానీ ఏది గట్టిది అన్నదానికంటే ఎవరి చేతికి పనికొస్తుంది అన్నది మాకు ముందు.

క్వాలిటీ_చెక్
చాలా అవసరమైన మాట. కింది చివర అయస్కాంతం ఉండి, దగ్గరికి తెస్తే దానంతటదే అతుక్కునే జాకెట్ జిప్‌లు ఉన్నాయి, ఒంటిచేత్తో వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త, ఆయనకి గుండె కోసం పేస్‌మేకర్ పెట్టి ఉంటే మాత్రం ఛాతీ మీద అయస్కాంతాలున్న బట్టలు వద్దు.

వేపచెట్టు_నీడ
లేదండి. వెతుకుతాను.

బడిసంచి_బాధితుడు
నా మొదటి ప్రశ్న మిగిలిపోయింది. షాపులో నిలబడి ఏం చూడాలి? మోటార్ తీసుకెళ్ళలేను కదా.

క్వాలిటీ_చెక్
జిప్ మూసి, రెండు బొటనవేళ్ళతో పక్కలకి లాగండి. తర్వాత మూసిన జిప్‌ని మడిచి వంపు మీద నొక్కండి. అక్కడ పళ్ళు పైకి లేచి విడితే కింద పెట్టేయండి. రన్నర్ని పట్టుకుని ఊపండి, కాస్త కదలిక మామూలే, గలగలమంటే వద్దు. పుల్లర్ రన్నర్‌కి తగులుకునే కమ్మీ సందు మూసుకుందో లేదో చూడండి. కుట్టు పళ్ళకి దూరంగా ఉండాలి, లోపలి లైనింగ్ గుడ్డ జిప్‌లో పడేలా వేలాడకూడదు. మలుపు గుండ్రంగా ఉన్న బ్యాగు, చదరంగా ఉన్నదానికంటే మేలు.

రన్నర్ మీద పెద్ద కంపెనీ అక్షరాలు చూసి మోసపోకండి. అక్షరాలు ఎవరైనా పోత పోయొచ్చు.

కత్తెర_కాంతం
ఇంట్లోనే రన్నర్ మార్చుకునేవాళ్ళకి: కింది చివర కుట్టు రెండంగుళాలు విప్పి, టేపు కొసలు రెండూ సమానంగా కత్తిరించండి. ఫోర్కుని నిలబెట్టి దాని మధ్య పళ్ళకి రన్నర్ తగిలించండి, కదలకుండా ఉంటుంది. ఇప్పుడు రెండు కొసలూ ఒకేసారి ఎక్కించి లాగండి. ఒక పక్క ఒక్క పన్ను ముందుకెళ్ళినా పైన బుడిపె కడుతుంది, తీసి మళ్ళీ ఎక్కించాలి. తర్వాత కింద దారంతో పది కుట్లు అడ్డంగా వేసేయండి, అదే స్టాపర్.

బడిసంచి_బాధితుడు
అప్‌డేట్. ఫోర్కుతో మూడుసార్లు ఓడిపోయి, ఫ్లైఓవర్ కింద బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. 5 నంబర్ రన్నర్లు రెండూ మార్చి 60 తీసుకున్నాడు. మలుపులో బ్రష్ కొట్టి కొవ్వొత్తి ముక్క రుద్దాడు, నేను అడక్కుండానే. ఆరు వారాలైంది, బాగుంది.

కానీ నిన్న పేరెంట్స్ మీటింగులో అసలు సంగతి తెలిసింది. సోషల్ క్లాసులో మావాడు ఒళ్ళో బ్యాగు పెట్టుకుని జిప్ తెరవడం, మూయడం, తెరవడం, మూయడమేనట. పీరియడ్ మొత్తం. "ఆ చప్పుడుకి పాఠం చెప్పలేకపోతున్నాం" అన్నారు టీచర్. లచ్చన్నా, నీ రోజుకి పది సార్లు లెక్క కొట్టేసుకో.

లెక్కల_లచ్చన్న
పీరియడ్ 40 నిమిషాలు, నిమిషానికి 15 అనుకున్నా రోజుకు 600. అప్పుడు లోకల్ జిప్ 70 రోజులు కాదు, ఒక్క రోజు. మూడు నెలలు వచ్చిందంటే ఆ కంపెనీవాళ్ళకు నువ్వే దండ వెయ్యాలె.

మోటారు_మావయ్య
నా వైపర్ మోటార్ మొన్న కాలిపోయింది. దసరా సెలవుల్లో బాబుని ఓసారి పంపండి, భోజనం మా ఇంట్లోనే.